చేత్తో నడిపితే ఎక్కుతుంది, స్క్రిప్ట్‌తో ఎక్కదు: సైలెంట్ ఇన్‌స్టాల్ ఎక్కడ ఆగుతోందో పట్టుకోవడం

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. డొమైన్‌లో (కంప్యూటర్లన్నిటినీ ఒకే సర్వర్ కింద కలిపి నడిపే నెట్‌వర్క్) ఉన్న ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, దాని వెంట ఒక పీడీఎఫ్ రీడర్ ఎక్కించాలి. సర్వర్‌లో షేర్ ఫోల్డర్ ఒకటి పెట్టి అందులో సెటప్ ఫైళ్లు (అకౌంటింగ్‌ది ఈఎక్స్ఈ) వేశారు, బ్యాచ్ ఫైల్ రాశారు, దాన్ని గ్రూప్ పాలసీలో (డొమైన్ కంప్యూటర్లన్నిటికీ ఒకే చోటి నుంచి సెట్టింగులు పంపే ఏర్పాటు) స్టార్టప్ స్క్రిప్ట్‌గా, అంటే కంప్యూటర్ ఆన్ అయినప్పుడే నడిచేలా, తగిలించారు. మీ కంప్యూటర్‌లో అడ్మిన్‌గా నడిపి చూస్తే రెండూ చక్కగా ఎక్కాయి. మిగతా వాటిలో మాత్రం కొన్నిట్లో అసలేమీ జరగలేదు, కొన్నిట్లో సెటప్ ప్రాసెస్ టాస్క్ మేనేజర్‌లో కదలకుండా కూర్చుని కాసేపటికి మాయమవుతోంది, ఇంకొన్నిట్లో మొదటిది ఎక్కింది, రెండోది ఎక్కలేదు. ఎర్రర్ మెసేజ్ ఎక్కడా లేదు. ఇప్పుడు ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి చేత్తో ఎక్కించాలా అని అడుగుతున్నారు.

అక్కర్లేదు. కానీ స్క్రిప్ట్‌లో ఒక స్విచ్ మార్చడం, మళ్లీ అన్నిట్నీ రీస్టార్ట్ చేయడం, ఇంకో స్విచ్ మార్చడం, ఈ పని మాత్రం ఇప్పుడే ఆపేయండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకీ మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు, ఒకటి సరిచేస్తే ఇంకోటి బయటపడుతుంది. వాటన్నిటి వెనకా ఉన్నది మాత్రం ఒకటే: మీరు టెస్ట్ చేసింది మీ అకౌంట్‌తో, మీ డెస్క్‌టాప్ మీద, మీరు లాగిన్ అయ్యి ఉండగా. మిగతా కంప్యూటర్లలో అది నడిచేది ఎవరూ లాగిన్ కాకముందు, స్క్రీన్ లేకుండా, సిస్టమ్ అకౌంట్‌తో, అంటే విండోస్ తన సొంత పనులకి వాడుకునే అకౌంట్‌తో. మీ దగ్గర ఎక్కింది కాబట్టి స్క్రిప్ట్ బాగానే ఉందని అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ టెస్ట్‌కీ ఈ పనికీ సంబంధమే తక్కువ.

ముందు దాన్ని మాట్లాడించండి. సైలెంట్ అంటే స్క్రీన్ మీద ఏమీ చూపించొద్దు అని మాత్రమే, ఏం జరిగిందో ఎక్కడా రాయొద్దని కాదు. ఎంఎస్ఐ ప్యాకేజీ (విండోస్ ఇన్‌స్టాలర్ సొంత రకం సెటప్ ఫైల్) అయితే లైను ఇలా ఉండాలి: ఎంఎస్ఐఎగ్జెక్ /ఐ, ప్యాకేజీ పూర్తి పాత్, /క్యూఎన్ /నోరీస్టార్ట్, తర్వాత /ఎల్*వీ, దాని పక్కన లాగ్ ఫైల్ పాత్. లాగ్‌ని సర్వర్ షేర్‌లో పెట్టకండి, ఎందుకంటే షేర్‌కి చేరలేకపోవడమే అసలు గొడవ అయితే ఆ సంగతి చెప్పే లాగ్ కూడా పోతుంది. సీ:\విండోస్\టెంప్ లాంటి లోకల్ ఫోల్డర్ చాలు. లాగ్ కోసం మీరు కొత్త ఫోల్డర్ పేరు రాస్తే ఆ ఫోల్డర్‌ని ముందు స్క్రిప్టే సృష్టించాలి, లేకపోతే విండోస్ ఇన్‌స్టాలర్ లాగ్ ఫైల్ తెరవలేక 1622 కోడ్‌తో వెనక్కి వచ్చేస్తుంది, సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్లదు. లాగ్ పెట్టబోయి ఇన్‌స్టాల్‌ని చెడగొట్టుకోవడం అన్నమాట.

ఇన్‌స్టాలర్ రాసే లాగ్ ఒక్కటే సరిపోదు, మీ బ్యాచ్ ఫైల్ సొంత లాగ్ కూడా ఉండాలి. మొదటి లైన్లోనే తేదీ, టైము, కంప్యూటర్ పేరు, హూఆమ్ఐ కమాండ్ (ఏ అకౌంట్‌తో నడుస్తోందో చెప్పేది) ఫలితం ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాయించండి. తర్వాత షేర్‌లో ఉన్న సెటప్ ఫైల్ కనిపిస్తోందా లేదా ఇఫ్ ఎగ్జిస్ట్‌తో చూసి అదీ రాయించండి. ఆ తర్వాత ప్రతి ఇన్‌స్టాల్ ముందూ ఒక లైను, అయ్యాక దాని ఎగ్జిట్ కోడ్‌తో (ముగిసేటప్పుడు ఫలితం చెప్పే నంబరు) ఇంకో లైను. ఇది చేస్తే సగం వెతుకులాట తగ్గిపోతుంది. ఫైలే పుట్టలేదా, అయితే స్క్రిప్ట్ అసలు మొదలే కాలేదు, చూడాల్సింది గ్రూప్ పాలసీ వైపు. మొదటి లైను ఉండి సెటప్ ఫైల్ కనిపించలేదని రాసి ఉంటే అది షేర్ పర్మిషన్ గొడవ లేదా నెట్‌వర్క్ ఇంకా లేవకపోవడం. మొదలుపెట్టాను అన్న లైను ఉండి అయిపోయింది అన్న లైను లేకపోతే ఇన్‌స్టాలర్ ఎవరి జవాబు కోసమో ఆగి ఉంది. రెండు లైన్లూ ఉంటే కోడ్ చూస్తే చాలు.

కోడ్ పట్టుకోవడంలో ఒక పాత చిక్కు ఉంది. బ్యాచ్ ఫైల్‌లో బ్రాకెట్ల మధ్య, అంటే ఇఫ్ బ్లాక్ లోపల, %ఎర్రర్‌లెవెల్% అని రాస్తే ఆ బ్లాక్‌లోకి అడుగుపెట్టకముందే దాని విలువ తీసేసుకుంటుంది, కాబట్టి ఇన్‌స్టాల్ ఫెయిలైనా లాగ్‌లో సున్నా అనే పడుతుంది. డిలేడ్ ఎక్స్‌పాన్షన్ ఆన్ చేసి శాతం గుర్తుల బదులు ఆశ్చర్యార్థకాలు వాడండి, లేదా ఇంకా తేలికగా, ఇన్‌స్టాల్ లైన్లని బ్రాకెట్ల బయటే పెట్టి, అయిన వెంటనే ఆ విలువని వేరే వేరియబుల్‌లో దాచుకోండి. మధ్యలో ఇంకో కమాండ్ నడిపితే ఆ కోడ్ పోయినట్టే.

కోడ్‌ల సంగతి. 0 అంటే అయిపోయింది. 3010 అంటే కూడా అయిపోయినట్టే, రీస్టార్ట్ ఒక్కటే బాకీ. 1641 అయితే రీస్టార్ట్ తనే మొదలుపెట్టేసింది. చాలా స్క్రిప్టులు సున్నా కానిదంతా ఫెయిల్ అని రాసుకుని 3010 వచ్చిన ప్రతిసారీ మళ్లీ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటాయి, ఇది చూడండి. 1618 అంటే ఆ టైములో ఇంకో ఇన్‌స్టాల్ నడుస్తోంది. 1619 అంటే ప్యాకేజీ ఫైల్‌ని తెరవలేకపోయింది, అంటే పాత్ తప్పు లేదా పర్మిషన్ లేదు. 1638 అంటే ఆ ప్రోడక్ట్ వేరే వెర్షన్ అప్పటికే ఉంది. వేరే సాఫ్ట్‌వేర్‌లకి ముందుగా కావాల్సిన విజువల్ సీ++ రన్‌టైమ్ లాంటివి తమకన్నా కొత్త వెర్షన్ కనిపిస్తే ఇదే ఇచ్చి వెళ్లిపోతాయి, దాన్ని తప్పుగా లెక్కేయక్కర్లేదు. 1639 అంటే కమాండ్ లైనే తప్పు రాశారు. 1603 గురించి కింద విడిగా చెప్తాను, అది కోడ్ కాదు, చేతులెత్తేయడం.

ఇక సిస్టమ్ అకౌంట్. మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్ఇంటర్నల్స్ టూల్స్‌లో పీఎస్ఎగ్జెక్ అని చిన్న టూల్ ఉంటుంది. దాన్ని అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో -ఎస్ -ఐ పెట్టి సీఎండీతో నడిపితే సిస్టమ్ అకౌంట్‌తో ఒక కొత్త విండో తెరుచుకుంటుంది. అందులో హూఆమ్ఐ కొడితే ఎన్‌టీ అథారిటీ\సిస్టమ్ అని రావాలి. ఇకమీద మీ టెస్టులన్నీ ఈ విండోలోనే చేయండి. ముందు మీ షేర్‌ని డిర్ కొట్టి చూడండి. మీరు స్క్రిప్ట్‌లో జెడ్ డ్రైవ్ అనో ఎస్ డ్రైవ్ అనో రాసి ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది, ఎందుకంటే మ్యాప్ చేసిన డ్రైవ్‌లు ఒక్కో యూజర్ లాగిన్‌కి విడివిడిగా ఉంటాయి, మీ జెడ్ డ్రైవ్ సిస్టమ్ అకౌంట్‌కి లేదు. \\సర్వర్\షేర్ అని పూర్తి పాత్ రాయాల్సిందే.

అలా రాసినా యాక్సెస్ డినైడ్ వస్తే, నెట్‌వర్క్ మీద సిస్టమ్ అకౌంట్ ఎవరిలా కనిపిస్తుందో గుర్తు తెచ్చుకోండి. అది మీలా కనిపించదు, ఆ కంప్యూటర్‌కి డొమైన్‌లో ఉన్న సొంత అకౌంట్‌గా, అంటే కంప్యూటర్ పేరు చివర డాలర్ గుర్తుతో వెళ్తుంది. ఐటీ గ్రూపుకో డొమైన్ యూజర్స్‌కో మాత్రమే షేర్ ఇచ్చి ఉంటే ఈ కంప్యూటర్ అకౌంట్లు ఆ లిస్టులో లేవు. డొమైన్ కంప్యూటర్స్ గ్రూపుకి రీడ్ ఇవ్వండి, షేర్ పర్మిషన్లలోనూ ఎన్‌టీఎఫ్ఎస్, అంటే ఫోల్డర్ సొంత పర్మిషన్లుండే సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ, రెండు చోట్లా. ఒక చోట ఇచ్చి రెండో చోట మర్చిపోవడమే ఎక్కువగా చూస్తుంటాను. ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేసి చేతులు దులుపుకోకండి. అలా ఇస్తే ఎవరైనా ఆ సెటప్ ఫైల్‌ని మార్చి పెట్టొచ్చు, మీ స్క్రిప్ట్ దాన్ని అన్ని కంప్యూటర్లలో అత్యున్నత హక్కులతో నడిపిపెడుతుంది.

షేర్ తెరుచుకోవడం లేదని అడ్మిన్ పాస్‌వర్డ్‌ని బ్యాచ్ ఫైల్‌లో రాసి నెట్ యూజ్ కొట్టేవాళ్లు ఉంటారు. దయచేసి ఆ పని చేయకండి. గ్రూప్ పాలసీ స్క్రిప్టులు ఉండే సిస్‌వాల్ ఫోల్డర్‌ని డొమైన్‌లో ఉన్న ప్రతి యూజరూ చదవగలడు. గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌లో పాస్‌వర్డ్ దాచే సౌకర్యాన్ని కూడా ఈ కారణంగానే మైక్రోసాఫ్ట్ 2014లో ఎంఎస్14-025 అప్‌డేట్‌తో తీసేసింది.

పాత్ గురించి ఇంకో రెండు ముక్కలు. సిస్టమ్ అకౌంట్‌తో స్క్రిప్ట్ మొదలైనప్పుడు కరెంట్ ఫోల్డర్ మీరనుకున్నది ఉండదు, సాధారణంగా సిస్టమ్32 ఉంటుంది. స్క్రిప్ట్ పక్కనే సెటప్ ఉందిగా అని ఉత్త ఫైల్ పేరు రాస్తే దొరకదు. %~డీపీ0 వాడితే స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ పాత్ వస్తుంది. పైగా సీఎండీ నెట్‌వర్క్ పాత్‌ని కరెంట్ ఫోల్డర్‌గా ఒప్పుకోదు, సీడీ కొడితే వెళ్లదు, పుష్‌డీ వాడితే తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం కేటాయించుకుని వెళ్తుంది.

అసలు నన్నడిగితే నెట్‌వర్క్ నుంచి నేరుగా ఇన్‌స్టాల్ చేయడమే వద్దు. విండోస్‌లోనే ఉండే కాపీ టూల్ రోబోకాపీతో సెటప్ ఫోల్డర్ మొత్తాన్ని లోకల్ డిస్కులోకి తెచ్చుకుని అక్కడి నుంచి నడపండి. నెట్‌వర్క్ మధ్యలో తెగినా ఇన్‌స్టాల్ సగంలో చచ్చిపోదు, సెక్యూరిటీ వార్నింగుల గొడవా తగ్గుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, రోబోకాపీ ఎగ్జిట్ కోడ్‌లు తిరకాసుగా ఉంటాయి: ఫైళ్లు కాపీ అయితే 1 ఇస్తుంది, కొత్తగా కాపీ చేసేదేమీ లేకపోతే 0 ఇస్తుంది, 8 లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే ఫెయిల్. సున్నా కాకపోతే ఆగిపో అని రాస్తే మొదటిసారే, అదీ కాపీ బాగా అయినప్పుడే, మీ స్క్రిప్ట్ ఆగిపోతుంది.

ఇప్పుడు రెండో రకం, కదలకుండా కూర్చునేది. ఎక్కువమందిని ఏడిపించేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి. విండోస్ విస్టా నుంచీ సర్వీసులు, సిస్టమ్ అకౌంట్‌తో వెనక నడిచేవి సెషన్ 0 అనే విడి సెషన్‌లో ఉంటాయి, దాని స్క్రీన్ ఎవరికీ కనబడదు. అక్కడ ఒక ఇన్‌స్టాలర్ ఓకే నొక్కమని డబ్బా చూపిస్తే ఆ డబ్బా నిజంగానే తెరుచుకుని ఉంటుంది, నొక్కే మనిషే లేడు. తలుపు తీసేవాళ్లు లేని ఇంటి ముందు కొరియర్ అబ్బాయి నిలబడ్డట్టు నిలబడి ఉంటుంది. ఆ డబ్బాలను చూపించే ఇంటరాక్టివ్ సర్వీసెస్ డిటెక్షన్ అనే సర్వీస్ ఒకప్పుడు ఉండేది, విండోస్ 10 వెర్షన్ 1803లో అదీ తీసేశారు. గ్రూప్ పాలసీ స్క్రిప్టులకి ఇచ్చే గడువు, మీరు మార్చకపోతే, 600 సెకన్లు. మీ సెటప్ ప్రాసెస్ కాసేపు కూర్చుని మాయమవుతోంది అన్నారు చూడండి, ఆ కాసేపు ఇంచుమించు పది నిమిషాలేనా అన్నది ఒకసారి గడియారం పెట్టి చూడండి. అవునంటే దాన్ని ఆపేసింది ఈ గడువే. గడువు పెంచడం మందు కాదు, రోజంతా ఇచ్చినా ఆ ఓకే ఎవరూ నొక్కరు.

ఆ డబ్బా ఏమిటో కనుక్కోవాలంటే పీఎస్ఎగ్జెక్‌తో తెరిచిన సిస్టమ్ విండోలో అదే లైను నడపండి. -ఐ ఉంది కాబట్టి డబ్బా మీ ముందే తెరుచుకుంటుంది. అక్కడ ఇది కనిపించకుండా నిజమైన స్టార్టప్‌లోనే ఆగుతుంటే, ఆగి ఉన్నప్పుడు ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ (ఇదీ సిస్ఇంటర్నల్స్ టూలే) తెరిచి కమాండ్ లైన్ కాలమ్ ఆన్ చేయండి. సెటప్ కింద పిల్ల ప్రాసెస్‌గా ఏం నడుస్తోంది, దానికి ఏ స్విచ్‌లు అందాయి అన్నది అక్కడ ఉన్నదున్నట్టు కనబడుతుంది. బయటి సెటప్‌కి సైలెంట్ స్విచ్ ఇచ్చి ఉంటారు, అది లోపల విప్పి నడిపిన డ్రైవర్ సెటప్‌కి ఆ స్విచ్ చేరి ఉండదు. సీపీయూ సున్నా, డిస్క్ సున్నా, పక్కన పిల్ల ప్రాసెస్ ఒక్కటి స్విచ్‌లేమీ లేకుండా కూర్చుని ఉండటం, ఇదీ దాని వాలకం.

మామూలుగా ఆపేవి ఇవి. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది, నడిపితే ఈ ఫైల్ తెరవమంటారా అని అడుగుతుంది. సెటప్ ఫైళ్లని షేర్‌లో పెట్టే ముందే పవర్‌షెల్‌లో (విండోస్‌లో ఉండే ఇంకో కమాండ్ విండో) అన్‌బ్లాక్-ఫైల్ కొట్టేయండి. షేర్‌ని ఐపీ అడ్రస్‌తోనో చుక్కలున్న పూర్తి పేరుతోనో పిలిస్తే విండోస్ దాన్ని ఇంటర్నెట్ జోన్‌గా లెక్కేసి అదే ప్రశ్న అడుగుతుంది, ఉత్త సర్వర్ పేరుతో పిలిస్తే లోకల్ ఇంట్రానెట్ అనుకుంటుంది. స్క్రిప్ట్‌లో \\192 అని మొదలయ్యే పాత్ ఉంటే ముందు దాన్ని మార్చండి. ఆ ప్రోగ్రామ్ ఇప్పుడు తెరిచి ఉంది, మూసేయమంటారా అని అడిగేవి కొన్ని. డ్రైవర్ పబ్లిషర్‌ని నమ్మమంటారా అని అడిగేవి కొన్ని.

అన్నిటికన్నా ఎక్కువ మాత్రం తప్పు స్విచ్. ఈఎక్స్ఈ సెటప్‌లన్నిటికీ ఒకే స్విచ్ ఉండదు, అది ఏ టూల్‌తో తయారైందో దాన్నిబట్టి ఉంటుంది. ఇన్నో సెటప్ అయితే /వెరీసైలెంట్ కావాలి, దానితో పాటు /సప్రెస్ఎంఎస్‌జీబాక్సెస్, /నోరీస్టార్ట్ కూడా. మొదటిదొక్కటే ఇస్తే మామూలు విండో పోతుంది కానీ ప్రశ్నల డబ్బాలు వస్తూనే ఉంటాయి. ఎన్ఎస్ఐఎస్‌తో చేసినదైతే /ఎస్, అదీ పెద్ద అక్షరం ఎస్, చిన్నది ఇస్తే పట్టించుకోదు. ఇన్‌స్టాల్‌షీల్డ్‌లో ఎంఎస్ఐ దాగి ఉన్న రకానికి చిన్న ఎస్, వెంట /వీ పెట్టి దాని కోట్స్ లోపల /క్యూఎన్. వీ తర్వాత ఖాళీ ఉండకూడదు. పాత రకం ఇన్‌స్టాల్‌షీల్డ్ అయితే ముందు /ఆర్‌తో ఒకసారి చేత్తో నడిపి జవాబుల ఫైల్ రికార్డ్ చేసుకోవాలి. విక్స్ బర్న్ అయితే /క్వైట్. ఏ రకమో తెలియకపోతే సెటప్‌ని 7-జిప్‌తో తెరిచి చూడండి, లోపల ఎంఎస్ఐ కనబడితే దాన్ని బయటికి తీసి నేరుగా ఎంఎస్ఐఎగ్జెక్‌తో నడపడం మేలు, అయితే దానికి ముందు కావాల్సిన రన్‌టైమ్‌లు మీరే విడిగా ఎక్కించాలి. తయారీదారు డౌన్‌లోడ్ పేజీలో రెండు సెటప్‌లు ఉంటే ఆఫ్‌లైన్‌దే తీసుకోండి. చిన్నదాన్ని తీసుకుంటే అది నడిచేటప్పుడు ఇంటర్నెట్ నుంచి మిగతాది దించుకోవాలని చూస్తుంది, మీ బ్రౌజర్‌లో ఉన్న ప్రాక్సీ సెట్టింగు సిస్టమ్ అకౌంట్‌కి వర్తించదు.

మూడో రకం, మొదటిది ఎక్కి రెండోది ఎక్కకపోవడం. రెండోదాని కోడ్ 1618 అయి ఉంటుందని నా అనుమానం. మీ మొదటి సెటప్ ఈఎక్స్ఈ అన్నారు. చాలా ఈఎక్స్ఈలు లోపలి ఎంఎస్ఐని వేరే ప్రాసెస్‌గా మొదలుపెట్టి తాము వెళ్లిపోతాయి. మీ బ్యాచ్ ఫైల్ ఆ మొదటి ప్రాసెస్ ముగిసిందని చూసి పని అయిపోయిందనుకుని పీడీఎఫ్ రీడర్‌ని మొదలుపెడుతుంది. విండోస్ ఇన్‌స్టాలర్ ఒకేసారి రెండు ఇన్‌స్టాల్‌లు చేయదు, రెండోదాన్ని వెనక్కి పంపేస్తుంది. అయితే కొన్ని కంప్యూటర్లలోనే ఎందుకంటే, వేగంగా ఉన్నవాటిలో మొదటిది ఆ లోపే అయిపోయి ఉంటుంది. స్టార్ట్ /వెయిట్ పెట్టినా అది కూడా తను మొదలుపెట్టిన ప్రాసెస్ కోసమే ఆగుతుంది, మనవళ్ల కోసం ఆగదు. స్టార్ట్ వాడితే ఇంకో తిరకాసు, కోట్స్‌లో పెట్టిన మొదటి మాటని అది విండో టైటిల్ అనుకుంటుంది, అందుకే ముందు ఖాళీ కోట్స్ ఒక జత పెట్టి తర్వాత పాత్ రాయాలి. పవర్‌షెల్‌లో అయితే స్టార్ట్-ప్రాసెస్‌కి -వెయిట్, -పాస్‌త్రూ రెండూ ఇవ్వండి. ఈ -వెయిట్ పిల్ల ప్రాసెస్‌ల కోసం కూడా ఆగుతుంది, అందుకే ఇలాంటి చోట నేను బ్యాచ్ కన్నా పవర్‌షెల్‌నే నమ్ముతాను. దీనికి తోడు 1618 వస్తే అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించేలా ఒక లూప్ రాయండి, కానీ దానికి హద్దు పెట్టండి. మీ స్క్రిప్ట్ తప్పు లేకున్నా ఆ టైములో వేరే అప్‌డేట్ ఏదైనా నడుస్తుంటే ఇదే కోడ్ వస్తుంది.

1603. దీని అర్థం ఏదో పెద్ద తప్పు జరిగింది అని, అంతే. కోడ్‌ని పట్టుకుని వెతికితే వంద సలహాలు దొరుకుతాయి, రిజిస్ట్రీ క్లీనర్లతో సహా, ఏదీ నమ్మకండి. /ఎల్*వీతో రాయించిన లాగ్ తెరిచి రిటర్న్ వాల్యూ 3 అన్న మాట వెతకండి. లాగ్ చివరి నుంచి వెతకొద్దు, మొదటి నుంచి వెతికి మొదటిసారి దొరికిన చోట ఆగండి, ఎందుకంటే ఒకటి ఫెయిలయ్యాక దాన్ని నడిపినవి కూడా వరసగా 3 అనే రాస్తాయి. ఆ లైనుకి పైన పది ఇరవై లైన్లలో అసలు సంగతి ఉంటుంది: ఏదో కస్టమ్ యాక్షన్ (సెటప్ తయారీదారు విడిగా చేర్చిన పని) పేరు, దాని పైన ఏదో ఫైల్ తెరవలేకపోయానన్న మాటో ఎర్రర్ నంబరో. ఈ లాగ్ సాధారణంగా యూనికోడ్ ఫైల్, ఫైండ్‌ఎస్‌టీఆర్‌తో వెతికితే ఏమీ దొరకదు, లేదనుకుని మోసపోతారు. నోట్‌ప్యాడ్‌లో గానీ పవర్‌షెల్ సెలెక్ట్-స్ట్రింగ్‌తో గానీ వెతకండి.

అక్కడ కనబడేవాటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. పాత వెర్షన్‌ని తీసేయలేకపోవడం. డిస్క్ నిండిందని ఎవరో ఎప్పుడో సీ:\విండోస్\ఇన్‌స్టాలర్ ఫోల్డర్‌ని ఖాళీ చేసి ఉంటారు. ఎక్కించిన ప్రతి ఎంఎస్ఐ కాపీ అందులో ఉంటుంది, కొత్త వెర్షన్ ఎక్కేటప్పుడు పాతదాన్ని తీయడానికి ఆ కాపీ కావాలి. అది లేకపోతే 1612, లేదా లాగ్‌లో 1714 అనే ఎర్రర్ కనబడుతుంది. పాత వెర్షన్ సెటప్ ఫైల్ దొరికితే దాన్ని మళ్లీ నడిపి రిపేర్ చేసి, తర్వాత కొత్తది ఎక్కించాలి. ఆ ఫోల్డర్‌ని ఎవరూ ముట్టుకోకూడదని మీ టీమ్‌లో అందరికీ చెప్పండి. లాగ్‌లో ఏమీ అర్థం కాకపోతే ఏ ఫైల్‌ని ఏ ప్రాసెస్ ముట్టుకుందో చూపించే ప్రాసెస్ మానిటర్ పెట్టి యాక్సెస్ డినైడ్ ఫిల్టర్‌తో చూడండి, యాంటీవైరస్ అడ్డుపడుతుంటే అక్కడ దొరికిపోతుంది. యాంటీవైరస్‌ని ఆఫ్ చేసి ఎక్కించేయడం మాత్రం పరిష్కారం కాదు, ఆ ఫోల్డర్‌కి మినహాయింపు అడగండి.

మొదటి రకం, ఏమీ జరగనివి, ఇవి ఎక్కువగా లాప్‌టాప్‌లేనా? అవి అయితే ఫాస్ట్ స్టార్టప్‌ని అనుమానించండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అనేది పూర్తి షట్‌డౌన్ కాదు, విండోస్ కెర్నల్ సెషన్‌ని నిద్రపుచ్చి మళ్లీ లేపుతుంది, స్టార్టప్‌లో వర్తించాల్సిన పాలసీలు అప్పుడు వర్తించకపోవచ్చు. యూజర్ రోజూ షట్‌డౌన్ చేస్తున్నా అంటాడు, నిజమే చెప్తున్నాడు. ఒకసారి రీస్టార్ట్ కొట్టించి మీ లాగ్ ఫైల్ పుట్టిందేమో చూడండి. వైఫై మీద ఉన్నవాటికి స్టార్టప్ టైముకి నెట్‌వర్కే ఉండకపోవచ్చు, దానికి కంప్యూటర్ స్టార్టప్‌లో నెట్‌వర్క్ కోసం ఎప్పుడూ వేచి ఉండమనే పాలసీ ఒకటి ఉంది, ఆన్ చేయండి. ఇవేవీ కాకపోతే ఆ కంప్యూటర్‌లో జీపీరిజల్ట్ /హెచ్‌తో రిపోర్ట్ తీసి, మీ పాలసీ కంప్యూటర్ సెక్షన్‌లో ఉందా, ఫిల్టర్ అయిపోయిందా చూడండి. కంప్యూటర్ ఉన్న ఓయూకి (డొమైన్‌లో అకౌంట్లని విడదీసి పెట్టే విభాగం) కాకుండా యూజర్లున్న ఓయూకి పాలసీని లింక్ చేసి ఉంటే స్టార్టప్ స్క్రిప్ట్ ఎప్పటికీ రాదు.

లాప్‌టాప్‌లు ఎక్కువ ఉంటే స్టార్టప్ స్క్రిప్ట్ వదిలేసి షెడ్యూల్డ్ టాస్క్‌గా పంపడం నయం, సిస్టమ్ అకౌంట్‌తో, నెట్‌వర్క్ ఉన్నప్పుడే నడిచేలా. టాస్క్ షెడ్యూలర్‌లో కరెంట్ ప్లగ్ పెట్టి ఉంటేనే మొదలుపెట్టు అన్న టిక్ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, అది తీసేయడం మర్చిపోకండి, లేకపోతే బ్యాటరీ మీద ఉన్నవన్నీ మళ్లీ ఏమీ జరగని లిస్టులోకి వస్తాయి. పవర్‌షెల్ రిమోటింగ్‌తో చేద్దామనుకుంటే అక్కడ వేరే గొడవ ఉంది: మీరు రిమోట్ కంప్యూటర్‌లోకి వెళ్లాక అక్కడి నుంచి సర్వర్ షేర్‌కి మీ హక్కులు వెంట రావు, యాక్సెస్ డినైడ్ వస్తుంది. ఫైళ్లని ముందే మీ కంప్యూటర్ నుంచి కాపీ-ఐటమ్ -టూసెషన్‌తో పంపేసి, అక్కడి లోకల్ పాత్ నుంచి నడపండి. మేనేజ్‌మెంట్ ఏజెంట్ ఏదైనా వాడితే అది 32-బిట్‌గా నడుస్తోందేమో చూసుకోండి, అలా అయితే సిస్టమ్32 అని రాసిన పాత్ 32-బిట్ ఫైళ్లుండే సిస్‌వావ్64 ఫోల్డర్‌కి మళ్లిపోతుంది, రిజిస్ట్రీ కూడా అంతే.

ఎక్కిందా లేదా అని కనుక్కోవడానికి డబ్ల్యూఎంఐలో (కంప్యూటర్ వివరాలు అడిగి తెలుసుకునే విండోస్ ఏర్పాటు) విన్32_ప్రోడక్ట్‌ని అడక్కండి. అది ఉత్త లిస్ట్ ఇవ్వదు, అడిగిన ప్రతిసారీ ఎక్కించిన ఎంఎస్ఐలన్నిటినీ సరిచూస్తుంది, తేడా కనబడితే రిపేర్ కూడా మొదలుపెడుతుంది. ప్రతి స్టార్టప్‌లో దాన్ని నడిపితే మీ 1618లు మీరే తయారుచేసుకున్నట్టు. రిజిస్ట్రీలో అన్‌ఇన్‌స్టాల్ కీ చూడండి, 64-బిట్‌దీ వావ్6432నోడ్ కింద ఉన్నదీ రెండూ, లేదా ప్రోగ్రామ్ ఫైల్ వెర్షన్ చూడండి. అలాగే సాఫ్ట్‌వేర్ ఎక్కింది కానీ యూజర్‌కి సెట్టింగులు రాలేదంటే, ఆ సెట్టింగులు సిస్టమ్ అకౌంట్ ప్రొఫైల్‌లోకి, అంటే సిస్టమ్32\కాన్ఫిగ్\సిస్టమ్‌ప్రొఫైల్ కిందికి వెళ్లి ఉంటాయి. ఎంఎస్ఐ అయితే కమాండ్ లైన్లో ఆల్‌యూజర్స్=1 ఇవ్వండి, యూజర్‌కి సంబంధించిన భాగాన్ని లాగాన్ స్క్రిప్ట్‌లో విడిగా చేయండి.

రేపు పొద్దున్న అన్నిట్లో కాకుండా మూడు కంప్యూటర్లు పట్టుకోండి, ఒక్కో లక్షణానికి ఒకటి. లాగ్ లైన్లు చేర్చిన స్క్రిప్ట్ వాటికే వర్తించేలా పాలసీని వేరే గ్రూపుకి ఫిల్టర్ చేసి రీస్టార్ట్ చేయండి. తర్వాత ఒక్కోదాంట్లో మీ టెక్స్ట్ లాగ్ మొత్తం, 1603 వచ్చిన చోట మొదటి రిటర్న్ వాల్యూ 3కి పైనున్న ముప్పై లైన్లు నాకు చూపించండి. కంప్యూటర్ పేర్లు, లైసెన్స్ కీలు తీసేసి పెట్టండి, ఎంఎస్ఐ లాగ్‌లో కమాండ్ లైన్లో ఇచ్చిన కీ కూడా ఉన్నదున్నట్టు పడే అవకాశం ఉంది.